టీనేజ్ పిల్లలకు 'ఆ పాఠాలు' చెప్పిన ఏడాది: కాలిఫోర్నియాలో నా అనుభవం

టీనేజ్ పిల్లలకు సెక్స్, గర్భనిరోధం లాంటి పాఠాలు చెప్పే ఉద్యోగానికి 2024 సెప్టెంబర్ మొదటి వారంలో అప్లై చేశాను. మొదటి క్లాసు చెప్పింది 2025 మార్చి 4న. మధ్యలో పోయిన ఆరు నెలల్లో ట్రైనింగ్‌కి పట్టింది కొద్ది రోజులే, మిగతాదంతా కాగితాలూ ఎదురుచూపులే. పిల్లలు కాస్త పెద్దవాళ్లై చేతిలో టైమ్ మిగులుతున్న మనవాళ్లు కొందరు ఈ పని గురించి తరచూ అడుగుతున్నారు. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఒకేచోట రాసేస్తున్నాను.

ఉద్యోగం పేరు హెల్త్ ఎడ్యుకేటర్. పార్ట్‌టైమ్, గంటకు 24 డాలర్లు. మేముండేది సెంట్రల్ వ్యాలీలో. కాలిఫోర్నియాలో టీనేజ్ కాన్పులు ఎక్కువగా నమోదయ్యే కౌంటీలు చాలావరకు ఇటువైపే ఉన్నాయి. నన్ను తీసుకున్న సంస్థకు ప్రెప్ అనే ఫెడరల్ పథకం డబ్బు రాష్ట్రం ద్వారా వచ్చేది. 2010లో ఒబామా హెల్త్‌కేర్ చట్టంతో పాటే పుట్టిన పథకం ఇది. సెక్స్‌కి దూరంగా ఉండటం గురించీ, గర్భనిరోధక సాధనాల గురించీ రెండూ చెప్పాలన్నది దాని నియమం. ఒకటి చెప్పి ఇంకోటి వదిలేస్తే కుదరదు. దాంతోపాటు పెద్దయ్యాక బతకడానికి కావలసిన ఆరు విషయాల్లో కనీసం మూడు చెప్పాలి. డబ్బు లెక్కలు, ఆరోగ్యకరమైన సంబంధాలు, ఇంట్లో పెద్దవాళ్లతో మాట్లాడటం, చదువు–ఉద్యోగం ఇలాంటివి. నేను ఒకప్పుడు అకౌంట్స్‌లో పనిచేశాను కాబట్టి డబ్బు పాఠాల కోసమే నన్ను పిలిచారేమో అనుకున్నాను. కాదట. ఎవరు చేరినా అన్నీ చెప్పాల్సిందే.

ఆఫర్ అక్టోబర్ చివర్లో వచ్చింది. ఇక అక్కడి నుంచి కాగితాలు.

ముందు లైవ్ స్కాన్, అంటే వేలిముద్రలు. రాష్ట్రానికి 32 డాలర్లు, ఎఫ్‌బీఐకి 17, ముద్రలు తీసిన షాపువాడికి 25. మొత్తం 74 నేనే కట్టాను, రెండో జీతంతో పాటు తిరిగి ఇచ్చారు. మూడు వారాల తర్వాత, ముద్రల్లో గీతలు సరిగ్గా పడలేదు, మళ్లీ ఇవ్వమని కబురు. గిన్నెలు తోమే చేతులకు ఇది మామూలేనట. షాపులో ఉన్న పెద్దాయన, వారం ముందు నుంచి చేతులకు రోజూ లోషన్ రాసుకురమ్మన్నాడు. రెండోసారి పడ్డాయి.

తర్వాత టీబీ. స్కూలు పిల్లల మధ్య పనిచేసేవాళ్లు ఒక ప్రశ్నాపత్రం నింపాలి. టీబీ ఎక్కువగా ఉన్న దేశంలో పుట్టారా అన్న ప్రశ్నకు మనం అవును అనక తప్పదు, అనగానే టెస్ట్ రాస్తారు. ఇక్కడ ఒక్కమాట గుర్తుపెట్టుకోండి. మనలో చాలామందికి చిన్నప్పుడు బీసీజీ వేశారు. దానివల్ల చర్మం మీద చేసే టెస్ట్ ఉత్తినే పాజిటివ్ చూపించొచ్చు. అప్పుడు ఛాతీ ఎక్స్‌రే, మళ్లీ డాక్టరు, మళ్లీ టెన్షన్. మొదటే రక్తపరీక్ష అడగండి. నాకు ఆ సంగతి చెప్పింది మా క్లినిక్ నర్సు. నెగిటివ్ వచ్చింది. ఆ సర్టిఫికెట్ నాలుగేళ్లు చెల్లుతుంది.

మూడోది, పిల్లల మీద హింస జరుగుతోందని అనుమానం వస్తే చెప్పి తీరాల్సినవాళ్లకు ఇచ్చే ట్రైనింగ్. ఆన్‌లైన్‌లో ఉచితం. వెంటనే ఫోన్ చేయాలి, 36 గంటల్లో రాతపూర్వకంగా పంపాలి. నిజమో కాదో తేల్చడం మన పని కాదు, అనుమానం చాలు. మా సూపర్‌వైజర్ ఈ ఒక్క విషయం దగ్గర మాత్రం నవ్వకుండా మాట్లాడేది. ప్రతి బ్యాచ్‌కి మొదటి రోజే పిల్లలకు చెప్పేయాలి: "మీరు చెప్పేవి నా దగ్గరే ఉంటాయి, కానీ మిమ్మల్ని ఎవరైనా హింసిస్తున్నారంటే దాచలేను." ఈ మాట చెబితే ఎవరూ నోరు విప్పరేమో అనుకున్నాను. అలా ఏం జరగలేదు. దాచలేనని తెలిసే వచ్చి చెప్పినవాళ్లున్నారు. ఆ వివరాలు ఇక్కడ రాయను.

జనవరిలో మూడు రోజుల ట్రైనింగ్. మొదటి ఉదయం స్లైడ్ మీద రెండు అంకెలు వేశారు. అమెరికాలో 15–19 ఏళ్ల అమ్మాయిలు వెయ్యి మందికి 1991లో 61.8 కాన్పులు, 2023లో 13.1. ఇదంతా మన క్లాసుల గొప్పే అనుకుని ఎవరూ ఛాతీ విరుచుకోవద్దని ట్రైనర్ ముందే నవ్వుతూ చెప్పేసింది. రెండో రోజు నుంచి అసలు పని. చీటీ తీస్తే ఏ పాఠం వస్తే అది మిగతా ట్రైనీల ముందు చెప్పాలి. నాకు కండోమ్ పాఠమే వచ్చింది.

చెక్క నమూనా ఒక చేతిలో, ప్యాకెట్ ఇంకో చేతిలో. గడువు తేదీ ఎక్కడుందో చూపించాలి, ప్యాకెట్ నొక్కి లోపల గాలి ఉందో లేదో చూడమనాలి, పర్సులో నెలల తరబడి పెట్టుకుంటే ఎందుకు పాడవుతుందో చెప్పాలి, ఆపైన మిగతా దశలు. నలభై రెండేళ్ల మనిషిని, ఇద్దరు పిల్లల తల్లిని. చెవులు కాలిపోతున్నాయి, గొంతు సన్నగా వస్తోంది. ట్రైనర్ ఆపి ఒకే ఒక్క సూచన ఇచ్చింది: "గడువు తేదీని చదివేటప్పుడు పాల ప్యాకెట్ మీది తేదీ చదివినట్టు చదువు." మళ్లీ మొదలుపెట్టాను. మూడోసారికి చెవులు మామూలు అయ్యాయి. ఇంటికొచ్చి మా ఆయనకు చెబితే పొట్ట పట్టుకుని నవ్వి, రాత్రి పడుకోబోయే ముందు మాత్రం "ఇవన్నీ మనకెవరు చెప్పారు?" అన్నారు. ఎవరూ చెప్పలేదు.

ట్రైనింగ్‌లో నాకు బాగా పనికొచ్చింది జవాబు చెప్పే పద్ధతి. ప్రశ్న వచ్చిందా, అడిగినందుకు మంచిదనాలి. వాస్తవం ఉంటే ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. తప్పా ఒప్పా అని అడిగితే, ఒక్కో ఇంట్లో ఒక్కో నమ్మకం ఉంటుంది, మీరు నమ్మే పెద్దవాళ్లను అడగండి అనాలి. మన అభిప్రాయం మన దగ్గరే ఉంచుకోవాలి. వినడానికి తేలికే కానీ, సలహా ఇవ్వకుండా ఉండటం అనేది మన ఇళ్లలో పెరిగినవాళ్లకు ఎంత కష్టమో వేరే చెప్పక్కర్లేదు.

నాకు ఇచ్చింది ఒక కంటిన్యుయేషన్ హైస్కూల్. హైస్కూల్ పూర్తి చేయడానికి కావలసిన క్రెడిట్లలో వెనకబడ్డ, 16 దాటిన పిల్లలు చదివే చోటు. బయటి సంస్థ వచ్చి చెబుతుంటే కనీసం 14 రోజుల ముందు తల్లిదండ్రులకు నోటీసు వెళ్లాలి, అందులో తేదీ, సంస్థ పేరు ఉండాలి. ఆ నోటీసు ఆలస్యం కావడంతో ఫిబ్రవరిలో మొదలవ్వాల్సింది మార్చికి జరిగింది. మంగళ, గురువారాలు. మొదటి రోజు 24 మంది. మొదటి గంటలో సగం ఎంట్రీ సర్వే నింపడానికే పోయింది. ఇష్టం లేని ప్రశ్న వదిలేయొచ్చని చెప్పినా, "ఇది మా పీఓ చూస్తాడా?" అని ఒక అబ్బాయి రెండుసార్లు అడిగాడు. పీఓ అంటే ప్రొబేషన్ ఆఫీసర్, కేసుల్లో ఉన్న పిల్లల్ని కనిపెట్టి ఉండే అధికారి అని నాకు పక్కనున్న టీచర్ చెప్పింది.

పిల్లలు పేరు రాయకుండా చీటీలు వేసే ప్రశ్నల పెట్టె గురించి కాస్త ఎక్కువ రాస్తాను. అందరికీ ఒకే సైజు కాగితం, ఒకే రంగు పెన్సిల్ ఇస్తాం. ప్రశ్న లేనివాళ్లు కూడా ఏదో ఒక వాక్యం రాయాల్సిందే, లేకపోతే ఎవరు రాస్తున్నారో మిగతావాళ్లకు తెలిసిపోతుంది. మొదటి వారం చీటీలు ఇంటికి తెచ్చి డైనింగ్ టేబుల్ మీద పరిచాను. శరీరం గురించి అడిగినవి నేను అనుకున్నదాంట్లో సగం కూడా లేవు. "బాయ్‌ఫ్రెండ్ ఫోన్ పాస్‌వర్డ్ అడుగుతున్నాడు, ఇవ్వకపోతే నాకెవరితోనో ఏదో ఉందంటాడు, ఏం చేయాలి?" "చేతిలో పెట్టే గర్భనిరోధక ఇంప్లాంట్ మా అమ్మకు కనిపిస్తుందా?" "18 నిండిన రోజే ఇంట్లోంచి పొమ్మంటే పోవాలా?" "ఫాస్ట్‌ఫుడ్ జీతానికి అపార్ట్‌మెంట్ ఇస్తారా?" ఒక చీటీలో "లంచ్ ఏంటి?" అని ఉంది. దానికీ జవాబు చెప్పాను.

గర్భనిరోధక సాధనాల పాఠంలో అంకెలే పని చేశాయి. మామూలుగా జనం వాడే తీరులో వాడితే, ఏడాదిలో వంద మందిలో ఎంతమందికి గర్భం వస్తుంది? కండోమ్‌తో 13 మందికి, మాత్రలతో ఏడుగురికి, ఇంప్లాంట్‌తో ఒకరికన్నా తక్కువ. బయటికి తీసేయడమనే పద్ధతితో 20 మందికి. ఆ చివరి అంకె దగ్గర వెనక బెంచీలో గుసగుసలు ఆగిపోయాయి. సెక్స్‌కి పూర్తిగా దూరంగా ఉండటం ఒక్కటే నూటికి నూరు పాళ్లు పనిచేస్తుందని కూడా ఇదే బోర్డు మీద రాస్తాం. రాస్తే ఎవరూ నవ్వలేదు. లైంగిక వ్యాధుల ముప్పు తగ్గించేది ఈ సాధనాల్లో కండోమ్ ఒక్కటే అన్న ముక్క మాత్రం మూడు సెషన్లలో మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది.

ఆ క్లాసులో ఏడో నెల గర్భంతో ఒకమ్మాయి ఉంది. బిడ్డ పుడితే మీ రోజు ఎలా మారుతుంది అని ఒక పాఠం. ఆమె ముందు అది చెప్పడం ఎలా? రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. కౌన్సెలర్‌ని అడిగి, ఆమెతో ముందే మాట్లాడాను. కావాలంటే ఆ గంట లైబ్రరీలో కూర్చోవచ్చన్నాను. "నా గురించే మాట్లాడుకుంటారుగా, నేనే ఉంటాను" అంది.

పాఠంలో ఒకబ్బాయి, బిడ్డ పుడితే లైఫ్ అయిపోయినట్టే అన్నాడు. ఆమె అటు తిరగకుండానే, "అయిపోలేదు, ఖరీదైంది" అంది. డైపర్లు నెలకు ఎంతవుతాయో, కార్ సీటు ఎందుకు ముందే కొనాలో, గర్భిణులకు, పసిపిల్లలకు పోషకాహారం ఇచ్చే ప్రభుత్వ పథకం డబ్ల్యూఐసీ ఆఫీసుకు ఏమేం పట్టుకెళ్లాలో ఆమే చెప్పింది. నా దగ్గరున్న స్క్రిప్టు పక్కన పెట్టేశాను. సెషన్ అయ్యాక నింపే ఫారంలో 'మార్పులు' అనే గడిలో ఆ విషయం రాస్తే, సూపర్‌వైజర్ పక్కన టిక్ పెట్టి పంపింది. భయపెట్టి ఆపొచ్చని నమ్మేవాళ్లు ఆ గంట ఆ గదిలో ఉండాల్సింది.

ఆ తర్వాతి వారం జీతం చీటీ పాఠం. కాలిఫోర్నియాలో 2025కి కనీస వేతనం గంటకు 16 డాలర్ల 50 సెంట్లు. వారానికి 40 గంటలకు 660. బోర్డు మీద కోతలు రాశాను: సోషల్ సెక్యూరిటీ 40.92, మెడికేర్ 9.57, ఎస్‌డీఐ 7.92. ఇన్‌కమ్ ట్యాక్స్ వేరే. మొదటి రెండూ ముసలివాళ్లకు అని ఎవరో అన్నారు. ఎస్‌డీఐ ఏంటన్నారు. రాష్ట్రం నడిపే డిసెబిలిటీ ఇన్సూరెన్స్ అది. పని చేయలేని స్థితిలో కొంత జీతం ఇస్తుంది, కాన్పు కూడా అందులోకి వస్తుంది. మామూలుగా కాన్పుకు ముందు నాలుగు వారాల దాకా, తర్వాత ఆరు వారాలు, సిజేరియన్ అయితే ఎనిమిది. లెక్కలోకి తీసుకునే కాలంలో కనీసం 300 డాలర్లు సంపాదించి, ఈ కోత పడి ఉండాలి. ఆ అమ్మాయి బర్గర్ షాపులో ఎనిమిది నెలలు చేసింది. ఫోన్‌లో పాత జీతం చీటీ తెరిచి, వేలితో పెద్దది చేసి, ఆ మూడక్షరాల వరుస దగ్గర ఆపి నాకు చూపించింది. ఆమెకు ఈ సంగతి అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. స్కూలు కూడా గర్భిణి విద్యార్థులకు ఎనిమిది వారాల సెలవు ఇవ్వాలని రాష్ట్ర చట్టంలో ఉందని కౌన్సెలర్ అప్పుడే చెప్పింది.

నా మటుకు నాకు ఈ ప్రోగ్రాంలో ప్రాణం ఉన్నది ఇక్కడే. శరీరం పాఠాలు, డబ్బు పాఠాలు అని పుస్తకంలో విడివిడిగా ఉంటాయి. పిల్లలకు అవి విడిగా లేవు. అద్దె పాఠంలో, చాలామంది ఓనర్లు అద్దెకు మూడింతల జీతం అడుగుతారని చెప్పి లెక్క వేయిస్తే, ఆ కనీస వేతనంతో నెలకు 2,860 డాలర్లు వచ్చేవాళ్లకు అద్దె 950 దగ్గర ఆగుతుంది. ఆ ధరకు ఒంటరిగా ఇల్లు ఎక్కడ? "అందుకే వాడితో ఉంటున్నా" అని ఒకమ్మాయి పెద్దగా దాచుకోకుండానే అంది. పాస్‌వర్డ్ చీటీ ఎవరిదో నాకు తెలీదు, తెలుసుకోవాలనీ అనుకోలేదు.

'కాదు' అని చెప్పే పాఠంలో ఇద్దరిద్దరుగా నటించాలి. అబ్బాయిల్నే కాదనే పాత్రలో పెట్టమని మా పుస్తకంలో లేదు, అయినా నేను పెట్టాను. కాగితం చూసి చదవమంటే మొదట్లో ఇకఇకలు. ఆరడుగుల కుర్రాడొకడు "నేను ఇంకా రెడీగా లేను" అన్న వాక్యం దగ్గర ఆగిపోయి, ఇలా అంటే నవ్వుతారన్నాడు. ఎవరు నవ్వుతారని అడిగితే జవాబు చెప్పలేదు. మళ్లీ చదివాడు.

ఏప్రిల్ చివరికి అయిపోయింది. మొత్తం గంటల్లో 75 శాతానికి హాజరైతేనే పూర్తి చేసినట్టు లెక్క. 24 మందిలో 15 మంది పూర్తి చేశారు. నాకు తక్కువ అనిపించింది కానీ, ఆ స్కూల్లో అది బాగా ఎక్కువేనట. గర్భంతో ఉన్న అమ్మాయి వాళ్లలో ఉంది.

ఇంటి సంగతి. మా పెద్దదానికి అప్పుడు పద్నాలుగు. కాలిఫోర్నియాలో ఏ వయసు పిల్లలైనా గర్భనిరోధకం కోసం తల్లిదండ్రుల అనుమతి లేకుండా క్లినిక్‌కి వెళ్లొచ్చు. క్లాసులో ఈ చట్టం గురించి నిమ్మళంగా చెప్పి, పార్కింగ్‌లో కారెక్కాక స్టీరింగ్ పట్టుకుని కూర్చుండిపోయేదాన్ని. చట్టం అలా ఎందుకుందో ఆ చీటీలు చదివాక నాకు అర్థమైంది. తల్లిగా మాత్రం మింగుడుపడటానికి టైమ్ పట్టింది. చివరికి ఒక ఆదివారం దానికే చెప్పాను, ఇలా ఒక చట్టం ఉందని. "తెలుసమ్మా, సెవెంత్‌లోనే చెప్పారు" అంది.

మన వాట్సాప్ గ్రూపులో మే నెలలో పెద్ద గొడవ. సెవెంత్ గ్రేడ్ పిల్లలకు స్కూల్లో సెక్స్ పాఠాలు చెప్తారట అని ఒకరు, మాన్పించేద్దామని ఇంకొకరు. ఒక చెల్లెలు నాకు విడిగా ఫోన్ చేసి, "అక్కా, మన పిల్లలకి ఇవన్నీ ఇప్పుడే ఎందుకక్కా?" అంది. వాదించలేదు. పుస్తకాలు, స్లైడ్లు ముందుగా చూసే హక్కు తల్లిదండ్రులకు ఉందని, చూశాక వద్దనుకుంటే రాసిస్తే చాలు, పిల్లని ఆ గంట వేరే గదిలో కూర్చోబెడతారని చెప్పాను. ఏమీ రాసివ్వకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. ఆమె ఆఫీసుకెళ్లి గంటసేపు కూర్చుని చూసొచ్చింది. పాపని మాన్పించలేదు. గ్రూపులో మాత్రం ఇప్పటికీ నోరెత్తదు.

జులై 17న రెండో బ్యాచ్. ఈసారి ఫోస్టర్ కేర్‌లో, అంటే సొంతింట్లో ఉండలేక ప్రభుత్వ సంరక్షణలో ఉన్న అబ్బాయిలు కలిసి ఉండే గ్రూప్ హోమ్, గురువారాలు, పది సెషన్లు. వీళ్లకు స్కూలు పిల్లల్లా వెనక ఇల్లు లేదు కాబట్టి రెండో సెషన్‌కే కాగితాల దగ్గరికి వచ్చేశాం. 18 నిండి బయటికి వెళ్లేటప్పుడు బర్త్ సర్టిఫికెట్, సోషల్ సెక్యూరిటీ కార్డు, వైద్య రికార్డులు చేతికి ఇవ్వాలి. 18 నాటికి ఫోస్టర్ కేర్‌లో ఉంటే 26 దాకా మెడికాల్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమా ఉంటుంది. కాలిఫోర్నియాలో షరతులకు సరిపోతే 21 దాకా ఫోస్టర్ కేర్‌లోనే కొనసాగొచ్చు. నాకు కొత్తగా తెలిసింది క్రెడిట్ రిపోర్ట్, అంటే ఒకరి పేరు మీదున్న అప్పులు, బిల్లుల చరిత్ర సంగతి. 14 దాటిన ఫోస్టర్ పిల్లలకు ఏటా తీసి చూపించాలని ఫెడరల్ చట్టం. చిన్నపిల్లలకు క్రెడిట్ రిపోర్ట్ ఏంటా అనుకున్నాను. పదిహేడేళ్ల కుర్రాడి రిపోర్టులో, వాడికి తొమ్మిదేళ్లప్పుడు వాడి పేరు మీద తీసుకున్న కరెంటు కనెక్షన్, కట్టని బిల్లు. చూసి, "ఆ అడ్రస్ నాకు తెలుసు" అని మాత్రం అన్నాడు. హౌస్ మేనేజర్ వాడి సోషల్ వర్కర్‌కి ఫోన్ చేసి అభ్యంతరం పెట్టించింది.

జూన్ నుంచే ఆఫీసులో గుబులుగా ఉండేది. ప్రెప్ పాఠాల్లోంచి జెండర్ ఐడెంటిటీ (తమను తాము ఆడ, మగ లేదా ఇంకోలా భావించుకోవడం) విషయాలు 60 రోజుల్లో తీసేయమని ఫెడరల్ ప్రభుత్వం రాష్ట్రానికి రాసింది. అవి సరైనవే, తీయబోమని రాష్ట్రం అంది. ఆగస్టు 21న కాలిఫోర్నియా గ్రాంటు రద్దయింది. అది గురువారం. నేను గ్రూప్ హోమ్‌లో ఆరో సెషన్ చెప్పి ఇంటికొచ్చాక, మర్నాడు పొద్దున ఫోన్ వచ్చింది. మిగతా నాలుగు సెషన్లు లేవు.

స్కూళ్లలో పాఠం ఆగదు. 2016 నుంచి అమల్లో ఉన్న రాష్ట్ర చట్టం ప్రకారం మిడిల్ స్కూల్లో ఒకసారి, హైస్కూల్లో ఒకసారి చెప్పి తీరాలి, ఎవరి గ్రాంటుతోనూ పనిలేదు. గ్రూప్ హోమ్‌కి అలా వచ్చి చెప్పేవాళ్లు లేరు. నన్ను మా సంస్థ వేరే పద్దు కింద వారానికి ఎనిమిది గంటలు ఉంచుకుంది, అదీ డిసెంబర్ దాకానే. మిగిలిన నాలుగు సెషన్లలో రెండు డబ్బువే కాబట్టి, జీతం చీటీ షీట్లు, అద్దె లెక్కల షీట్లు ప్రింట్ తీసి హౌస్ మేనేజర్‌కి ఇచ్చొచ్చాను. గురువారాలు భోజనాలయ్యాక తనే చేయిస్తానంది. ఎస్‌డీఐ వరుస ఎక్కడుంటుందో మార్కర్‌తో గీసి ఇచ్చాను.